నడిసముద్రంలో గావంచా

ముందే చెప్పీస్తున్నాను, ఈ కథలో తప్పు చేసింది నేనే. ఆ ముక్క మొదట్లోనే రాయమని మా ఆవిడ ఆర్డరు, రాయకపోతే చుట్టాలందరికీ తనే ఫోన్లు చేసి చెప్తానంది, అందుకని రాసేశాను, ఇంక మిగతాది నా ఇష్టం.

మా అమ్మాయీ అల్లుడూ డల్లాస్‌లో ఉంటారు. మొన్న మేమిద్దరం వెళ్ళినప్పుడు అయిదు రాత్రుల క్రూజ్ టికెట్లు కొనేసి తర్వాత చెప్పారు, ముందు చెప్తే నేను ఎంతయింది అని అడుగుతానని. గాల్వెస్టన్ అని టెక్సాస్‌లోనే సముద్రం ఒడ్డున ఊరు, డల్లాస్ నుంచి కారులో అయిదు గంటలు, అక్కడ ఓడెక్కితే మెక్సికో వేపు కోజుమెల్, ప్రోగ్రెసో చూపించి మళ్ళీ అక్కడే దింపుతారు. ఓడ పేరు చెప్పను, వాళ్ళ తప్పేం లేదు. నాది పర్లాకిమిడి, నాకు సముద్రమంటే ఇటు గోపాల్‌పూర్, అటు బారువ, అదీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడ్డమే. అలాంటివాణ్ణి పన్నెండో అంతస్తు మీద స్విమ్మింగ్ పూల్ పక్కన నిలబెట్టారు, చుట్టూ నీళ్ళే, నడిమధ్యలో మళ్ళీ నీళ్ళు.

రెండో రోజు ఓడ ఎక్కడా ఆగదు, సీ డే అంటారట. ఏదైనా ఊరు దగ్గర ఆగిన రోజైతే సగానికి సగం జనం దిగి తిరగడానికి పోతారు కాబట్టి పైన హాయిగా ఉంటుంది, సీ డే నాడు మాత్రం మూడు వేల పైచిలుకు మంది ఓడలోనే ఉంటారు, ఎండ కాస్తే అందరికీ పూల్ పక్కనే కావాలి. కుర్చీలు అందరికీ సరిపడా ఇలాంటి ఓడల్లో ఉండవు, అందరూ ఒకేసారి పైకి రారులే అన్న లెక్క మీద వేస్తారు. మా బ్యాంకులో క్యాష్ కూడా అంతే కదా, డిపాజిటర్లందరూ ఒకే రోజు రారన్న ధైర్యంతోనే కౌంటర్ తెరుస్తాం.

తొమ్మిదిన్నరకి నలుగురం పైకి వెళ్ళాం. పడక్కుర్చీలు వరసలు వరసలుగా వేసున్నాయి. మనుషులు పెద్దగా లేరు, కానీ కుర్చీ ఒక్కటీ ఖాళీ లేదు. ప్రతి దాని మీదా నీలం చారల తువ్వాలు, ఓడవాళ్ళిచ్చేదే, గాలికి ఎగిరిపోకుండా రెండు పక్కలా ప్లాస్టిక్ చిలకల క్లిప్పులు. ఒకదాని మీద పుస్తకం బోర్లా పెట్టుంది. ఇంకోదాని మీద సన్‌స్క్రీన్ ట్యూబు. ఇంకోదాని మీద ఒంటి చెప్పు, ఒకటే, రెండోది ఎక్కడుందో దాని యజమాని ఎలా నడుస్తున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. ముప్పై నాలుగేళ్ళు లెడ్జర్లు టాలీ చేసిన ప్రాణం కదా, ఊరుకోలేక లెక్కపెట్టాను. పద్నాలుగు కుర్చీల వరసలో మనుషులున్నవి మూడు.

మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని మొత్తం ఒకసారి చూసి "ఏటండీ ఇది, అందరూ కర్చీఫులేసీసి టిఫిన్లకి పోనారా?" అంది.

అంతే. మా అల్లుడు పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పిన విషయం ఒక్క ముక్కలో తేల్చేసింది.

కర్చీఫ్ వేయడం గురించి మాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటి టెక్కలి, శ్రీకాకుళం వేపు వెళ్ళే బస్సుల్లో పెరిగినవాళ్ళం. బస్సు ఇంకా ఆగకుండానే పక్కన పరిగెడుతూ కిటికీలోంచి కర్చీఫ్ విసరాలి, అది సీటు మీద పడాలి, కింద పడితే చెల్లదు. కర్చీఫ్ లేకపోతే తువ్వాలు, తువ్వాలు లేకపోతే టిఫిన్ క్యారేజీ, మరీ అవసరమైతే పిల్లాణ్ణి ఎత్తి కిటికీలోంచి లోపలికి తోసేయడం, దానికి మించిన రిజర్వేషన్ ఇంక లేదు, వాడు ఏడుస్తూ సీటంతా పడుకుంటాడు. అంతకుముందు మాకు చిన్నరైలుండేది, నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన న్యారోగేజ్ లైను, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 2004లో దాన్ని ఆపేసి పెద్దలైను వేశారు. మా ఆవిడది గుణుపురం. పెళ్ళయిన కొత్తలో పండక్కి ఆ రైల్లో వెళ్తుంటే నేను బ్యాగులతో ఫ్లాట్‌ఫారం మీద తిప్పలు పడుతూ ఉండగానే ఆవిడ కొంగు దోపుకుని వెళ్ళి ఇద్దరికీ సీట్లు పట్టేసేది. ఎవరైనా ఒడియావాళ్ళొచ్చి అడిగితే "ఏఠి లోక అఛంతి" అనేది, అంటే ఇక్కడ మనుషులున్నారని. ఆ "మనుషులు" అన్నది నేనొక్కణ్ణే.

ఆ మాటకొస్తే మా ఊరి మీదే రెండు వేపుల నుంచి తువ్వాళ్ళు పడ్డాయి. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఊరు వాళ్ళకి పోయింది, జమీందారీలో కొంత భాగమేమో మద్రాసు వేపు ఉండిపోయింది. వాడుక భాష కోసం ఇక్కడే కూచుని పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు సామాను సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. (నేను ఇలా అడ్డదిడ్డంగా రాస్తానని అనేవాళ్ళు ఆయన్ని అడగండి.) సరే, కుర్చీల దగ్గరికొద్దాం.

ఇలా కుర్చీలు ఆపేసుకుని పోయేవాళ్ళని చైర్ హాగ్ అంటారట. హాగ్ అంటే పంది, ఆ పేరు విని మా ఆవిడ చాలా సంతోషపడింది. ఇది ఎంత పెద్ద గొడవంటే ఓడ కంపెనీలు రూల్సే రాసుకున్నాయి. మనిషి లేకుండా సామాను మాత్రమే ఉన్న కుర్చీని రాయల్ కరీబియన్ వాళ్ళు 30 నిమిషాలు చూస్తారట, కార్నివల్ వాళ్ళు 40 నిమిషాలు. డెక్ మీద పనిచేసే కుర్రాళ్ళు తిరుగుతూ ఖాళీగా కనిపించిన కుర్చీకి టైం రాసి ఒక స్టిక్కర్ అంటిస్తారు, గడువు దాటాక వచ్చి చూస్తే ఇంకా మనిషి లేకపోతే సామాను తీసేసి తువ్వాళ్ళిచ్చే కౌంటర్‌లో పెట్టేస్తారు, కుర్చీ ఎవరిదైనా కావచ్చు. రూల్ బాగానే ఉంది కానీ అంతమంది జనంలో అన్ని కుర్చీలకీ స్టిక్కర్లు అంటించుకుంటూ తిరగడానికి ఆ పిల్లలకి ఎక్కడ కుదురుతుంది, డ్రింకుల గ్లాసులు తియ్యాలి, తడి తువ్వాళ్ళు ఎత్తాలి, పైగా స్టిక్కర్ చూసి మాటకొచ్చేవాళ్ళతో నవ్వుతూ మాట్లాడాలి.

భూమ్మీద హోటళ్ళలోనూ ఇదే గొడవ. జర్మనీవాళ్ళు తెల్లారకముందే లేచి పూల్ దగ్గర తువ్వాళ్ళు పరిచేస్తారని ఇంగ్లండువాళ్ళు ఎప్పట్నుంచో జోకులేస్తుంటారు. చివరికి ఒక జర్మనీ ఆయనే కోర్టుకెళ్ళాడు. గ్రీసులో రోడ్స్ దీవికి కుటుంబంతో ప్యాకేజీ టూర్ వెళ్తే హోటల్లో ఆరు పూల్స్, దాదాపు 500 కుర్చీలు ఉన్నా ఎప్పుడు చూసినా తువ్వాళ్ళే ఉండేవట, అరగంట రూల్ బోర్డు మీద ఉంది కానీ ఎవరూ పట్టించుకోలేదట. హనోవర్ కోర్టు 2023 డిసెంబర్లో ఆయన పక్షానే చెప్పి టూర్ కంపెనీ చేత 322 యూరోల చిల్లర వెనక్కి ఇప్పించింది. అల్లుడు ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే నాకు మా టెక్కలి బస్సు గుర్తొచ్చింది, కర్చీఫ్ మీద కేసు వేస్తే వాయిదాలకి వెళ్ళడానికి మళ్ళీ అదే బస్సెక్కాలి, మళ్ళీ సీటు దొరకదు.

ఆ రోజు మాకు దొరకలేదు. మెట్ల పక్కన బల్ల దగ్గర కూచుని ఐస్‌క్రీం తింటూ నేను వాచీ పెట్టుకుని కాపలా కాశాను. ఒంటి చెప్పు కుర్చీకి యజమాని ఒంటిగంటకొచ్చాడు. వచ్చి నిండా ఇరవై నిమిషాలు కూచున్నాడో లేదో, ఎండెక్కువైందని నీడలో ఉన్న ఇంకో కుర్చీలోకి మారాడు. ఆ కుర్చీ కూడా ఆయనదే! ఎండకొకటి, నీడకొకటి. మా ఆవిడ తెలుగులో పెద్దగానే ఏదో అంది, అదిక్కడ రాయను.

ఇంక నా సంగతి.

అయిదో రోజు మళ్ళీ సీ డే. రాత్రే నిర్ణయించుకున్నాను, ధర్మం చెప్పుకుంటూ మెట్ల పక్కన కూచుంటే లాభం లేదని. ఓడ తువ్వాలు వాడొచ్చు కానీ అది మన గది కార్డు మీద రాసి ఇస్తారు, తిరిగివ్వకపోతే ఇరవై చిల్లర డాలర్లు బిల్లులో వేస్తారని చదివాను, దాన్ని కుర్చీ మీద వదిలేస్తే ఎవడైనా పట్టుకుపోతే? అంత డబ్బుకి ఇక్కడ అరడజను తువ్వాళ్ళొస్తాయి. అందుకని బ్యాగులోంచి నా గావంచాలు రెండు తీశాను, ఎర్ర అంచువి, పర్లాకిమిడి సంతలో కొన్నవి. (ఒడియాలో గాముఛా అంటారు, మేం గావంచా అంటాం, తుడుచుకునేది ఒకటే.) పొద్దున్న ఆరింటికి వెళ్ళి పూల్‌కి ఎదురుగా, మధ్యాహ్నం నీడ పడేచోట, రెండు కుర్చీల మీద పరిచి కొసలు కుర్చీ కాళ్ళకి ముడేశాను. క్లిప్పులకంటే ముడే గట్టిది. వెనక్కొచ్చి ఇంకో నిద్ర వేశాను. మా ఆవిడ స్నానం, పూజ, అమ్మాయివాళ్ళు లేవడం, అందరం కలిసి టిఫిన్‌కి వెళ్ళడం, అక్కడ ఆమ్లెట్ లైను... అలా తొమ్మిది దాటింది.

రెండో ప్లేటు మీదున్నాను. డెక్ మీద పనిచేసే కుర్రాడు, గోవా వేపు పిల్లాడు, నాలుగు రోజులుగా నాతో హిందీలో మాట్లాడుతున్నాడు, చక్కగా నవ్వుతాడు, బల్లల మధ్యలోంచి నా దగ్గరికే నడుచుకుంటూ వచ్చాడు. ముంజేతి మీద నా గావంచాలు రెండూ ఇస్త్రీ బట్టల్లాగా మడత పెట్టి ఉన్నాయి, వాటి మీద స్టిక్కరు.

"అంకుల్, ఇవి మీవే కదా" అన్నాడు.

కాదనడానికి లేదు. వాటి జత మూడోది నా భుజం మీదే ఉంది.

స్టిక్కర్ మీద 7:10 అని రాసుంది, అప్పుడు తొమ్మిదీ ఇరవై. నేను ఏదో అన్నాను, పెద్దవాణ్ణని, మెట్లెక్కలేనని, అక్కడ లిఫ్ట్ ఉందని ఇద్దరికీ తెలుసు. వాడు ఏమాత్రం విసుక్కోకుండా హిందీలో చెప్పాడు, మిగతా తువ్వాళ్ళన్నీ ఒకేలా ఉంటాయి అంకుల్, ఎవరివో తెలీదు, తీసి బుట్టలో పడేస్తాం, వాళ్ళొస్తే కౌంటర్లో అడుగుతారు, మీవి మాత్రం మీవని డెక్ మొత్తానికి తెలుసు, బుట్టలో వేయడానికి మనసొప్పలేదు అని. ఒక ముసలి జంట చాలాసేపు పక్కనే నిలబడ్డారనీ, ఆయన కర్రతో నడుస్తాడనీ, వాళ్ళని కూచోబెట్టాననీ కూడా చెప్పాడు.

మా అమ్మాయి ప్లేటులోకి చూస్తూ ఉండిపోయింది. అల్లుడు "పర్లేదు మావయ్యగారూ" అన్నాడు, ఆ అనడంలోనే ఉంది ఎంత పర్లేదో. మా ఆవిడ మాత్రం గావంచాలు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని "మా నాన్న చిన్నరైల్లో ఇలాగే ఎవడో మనిషి లేకుండా కర్చీఫేస్తే నౌపడ దాటేదాకా చూసినాడు, చూసి తీసి కిటికీలోంచి పడీసినాడు. ఈ గుంటడు మంచోడు, మడత పెట్టి తెచ్చినాడు" అంది.

ఆ రోజంతా ఆలోచించాను, కూచోడానికి కుర్చీ లేదు కాబట్టి నడుస్తూనే ఆలోచించాను. కర్చీఫ్‌కీ తువ్వాలుకీ తేడా ఏమిటి? నేను జీవితమంతా కర్చీఫులేశాను, ఒక్కసారి కూడా తప్పు చేశానని అనిపించలేదు. ఎందుకంటే బస్సులో కర్చీఫ్ పడ్డాక మనిషి రెండు నిమిషాల్లో దాని వెనకాలే వస్తాడు, చెమటలు కక్కుకుంటూ, చొక్కా గుండీ ఊడి. గుమ్మం దగ్గర జనంలో ఇరుక్కుని ఉన్నా అక్కడినుంచే "అది నాదండోయ్" అని అరుస్తాడు. కర్చీఫ్ తీసి పక్కన పెట్టి ఎవరైనా కూచుంటే మొహం మొహం చూసుకుని దెబ్బలాట పడాలి. ఆ దెబ్బలాటకి ఒప్పుకున్నవాడే కర్చీఫ్ వేస్తాడు. ఓడ తువ్వాలుకి మొహం లేదు. నీలం చారలు, చిలక క్లిప్పు, మూడు వేల మందిలో ఎవరిదైనా కావచ్చు, అడుగుదామంటే ఎవర్నడుగుతావు? అందుకే అంత సుఖంగా పరిచేసి పోతున్నారు. నా పిసినారితనం వల్ల నా తువ్వాలుకొక్కదానికే మొహం ఉంది కాబట్టి నేనొక్కణ్ణే దొరికాను.

యూరియా కోసం చెప్పులు లైన్లో పెడతారు కదా, మరి దానికేమంటావు అని అల్లుడు అడిగాడు. తెలివైన ప్రశ్నే. చెప్పులు లైన్లో ఉంటాయి, కానీ చెప్పుల మనుషులు ఎదురుగా చెట్టు కింద ఉంటారు. ఒకడు ముందుకు జరిపితే నలభై మంది లేస్తారు. ఊళ్ళో నాటకానికి మధ్యాహ్నమే చాప పరిచి జాగా పట్టినప్పుడు కూడా ఇంట్లో ఒక పిల్లని దాని మీద కూచోబెట్టి వచ్చేవాళ్ళు, ఆ పిల్లకి మరమరాల పొట్లం ఇచ్చి. ఉత్తి చాపని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు, మడిచి పక్కన పెట్టేసేవాళ్ళు.

ఇలాగని నేనేదో పెద్ద నియమాలు చెప్పడం లేదు. పూల్‌లో ఒక మునక వేసి రావడానికి, బాత్‌రూంకి, ఐస్‌క్రీంకి కుర్చీ మీద తువ్వాలు వదిలితే ఎవరూ తప్పు పట్టరు, తువ్వాలు ఉన్నదే అందుకు. మొగుడు కూచుని పెళ్ళానికి ఒకటి ఆపుకోవచ్చు, ఆవిడ నిజంగా వస్తుంటే. టిఫిన్ మాత్రం కాదు అని మా ఆవిడ తీర్పు, భోజనం అసలే కాదు. ఒక్క మనిషి తెల్లారే వచ్చి ఇంకా పడుకునున్న ఎనిమిది మందికి ఎనిమిది పరచడం అన్యాయం, ఆ రోజు అలాంటిదీ చూశాం, అరడజను కుర్చీల మీద ఒకే రకం క్లిప్పులు. ఇంకోటి, మనిషి లేని తువ్వాలు కనిపించినా మనం తీయకూడదు, అక్కడి కుర్రాళ్ళకి చెప్పాలి, మా మావగారి పద్ధతి ఓడ మీద పనికిరాదు, కిటికీ లేదు, సముద్రముంది. పూల్ పక్కనే కావాలని పట్టుబట్టకపోతే పై డెక్‌లో వెనకవేపు బోలెడు కుర్చీలుంటాయి, మాకు ఆఖరి రోజు సాయంత్రం తెలిసింది. అక్కడ గాలి ఎంత బాగుందో, మా ఆవిడ గావంచా తలకి చుట్టుకుని గంటసేపు నిద్రపోయింది.

ఆ ముసలి జంటని చూశాను. నా కుర్చీల్లోనే, అంటే వాళ్ళ కుర్చీల్లోనే, పక్కపక్కన పడుకుని ఉన్నారు, ఆయన కర్ర మధ్యలో. వెళ్ళి సారీ చెప్దామనుకుని రెండుసార్లు అటు నడిచాను, రెండుసార్లూ భుజం మీద గావంచా ఉందని గుర్తొచ్చి వెనక్కొచ్చేశాను.

విశాఖపట్నంలో విమానం దిగాక గుణుపురం ప్యాసింజర్ ఎక్కాం, మా బావమరిది ఇంట్లో పని ఉండి. జనం బానే ఉన్నారు. ముగ్గురి బెంచీ మీద ఒక సంచీ పెట్టుంది, పక్కన పదేళ్ళ పిల్ల, కిటికీ దగ్గర ఎవరో నిద్రపోతున్నారు. మా ఆవిడకి ఎదురు బెంచీలో సందు దొరికింది. నేను సంచీ చూపించి ఎవరిదమ్మా అని అడిగాను. "మా అమ్మమ్మది, నీళ్ళకి దిగింది" అంది ఆ పిల్ల, సంచీ మీద చెయ్యి వేసి.

నేను వాచీ చూసుకున్నాను. మా ఆవిడ నేను చూసుకోవడం చూసి మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు ఆపుకోలేక.

రైలు కదులుతుంటే వచ్చింది ఆవిడ, ఏడో నిమిషానికి, రెండు సీసాలు చంకలో పెట్టుకుని. వస్తూనే సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, పిల్లని మోచేత్తో ఇటు తోసి, నిద్రపోతున్నవాణ్ణి భుజం మీద తట్టి అటు జరిపి, జానెడు జాగా తీసింది.

"నిలబడ్డావేటి, నువ్వూ కూకో బావు" అంది. నాకు అరవై రెండు.